బొంతలూ ఉపన్యాసాలూ

బొంతను గురించి ఉపన్యసించవలసినది ఏమున్నదని మీలో కొందరికి తోచవచ్చును. చిరిగిన చీరను మడతలు వేసి, నాలుగంచులూ కలిపి, నడుమ వరుసలు వరుసలుగా కుట్టి, పసిబిడ్డ క్రింద పరచే గుడ్డ మన యిండ్లలో బొంత. దానికొక సంఘమూ, ఆ సంఘానికి నెలనెలా సభా, ఆ సభకు దూరప్రాంతం నుంచి పారితోషికం ఇచ్చి పిలిపించిన ఒక వక్తా ఉంటారంటే మన అమ్మమ్మలు నవ్వి ఉండేవారు. మన భాషలో బొంతకు దక్కిన గౌరవమల్లా "గంతకు తగిన బొంత" అన్న సామెత ఒక్కటే. అదైనా వెక్కిరింతకే గాని మెప్పుకు కాదు.

కొంతకాలం క్రితం వరకూ నా అభిప్రాయమూ ఇదే. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణంలో, ఒక శరత్కాలపు సాయంకాలం నేను విన్న ఉపన్యాసం ఆ అభిప్రాయాన్ని మార్చింది. ఆ ఉపన్యాసాన్నీ, దాని వెనుక ఉన్న చరిత్రనూ, అది విని వచ్చిన తరువాత మా యింట జరిగినదానినీ ఈ పూట మీతో మనవి చేస్తాను.

మా అక్కయ్య ఆ పట్టణంలో చాలా ఏండ్లుగా కాపురమున్నది. నేను చూడబోయినప్పుడు పొరుగింటి వృద్ధురాలు ఒకామె మమ్మల్నిద్దరినీ తమ క్విల్టు గిల్డు సమావేశానికి ఆహ్వానించింది. క్విల్టు అంటే బొంతే. కాని మన బొంతకూ దానికీ ఒక భేదమున్నది. క్విల్టుకు మూడు పొరలు. పైన రంగురంగుల ముక్కలు అతికిన గుడ్డ, నడుమ దూది పొర, అడుగున సాదా గుడ్డ. ఈ మూడింటినీ కలిపి కుట్టిన కుట్టే క్విల్టింగు. దూది ఒకచోటికి చేరిపోకుండా ఆ కుట్టు పట్టి ఉంచుతుంది. పొరల నడుమ నిలిచిన గాలి చలిని ఆపుతుంది. మన చలికి అంత సరంజామా అవసరం లేదు గనుక పాతగుడ్డల మడతలతోనే మనం సరిపెట్టుకున్నాము. బెంగాలీలు తమ పాతచీరల మడతలను కుట్టి కాంథా అన్నారు. కర్ణాటకంలోని ఉత్తర కన్నడ అడవులలో ఉండే సిద్దీ స్త్రీలు గుడ్డముక్కలతో కుట్టుకునేది కవంది. పేర్లు వేరైనా, పాతబట్టను పారవేయలేని గృహిణి చేతిపని అన్నిచోట్లా ఒక్కటే.

సమావేశం ఒక చర్చికి అనుబంధంగా ఉన్న హాలులో. సుమారు అరవైమంది స్త్రీలు, ఇద్దరు ముగ్గురు పురుషులు. అధిక సంఖ్యాకులు అరువది దాటినవారు. గోడ ప్రక్కన బల్లమీద కాఫీ, ఇండ్లలో చేసి తెచ్చిన తీపి రొట్టెలు. మొదట సంఘ వ్యవహారాలు. కోశాధికారిణి జమాఖర్చులు చదివింది. ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు కప్పేందుకు ఆ నెల ఎన్ని చిన్న బొంతలు ఇచ్చారో ఒకామె లెక్క చెప్పింది. తరువాత కార్యక్రమాల సంఘం తరఫున ఒకామె లేచి ఆనాటి అతిథి ఉపన్యాసకురాలిని పరిచయం చేసింది.

అతిథిని ఏర్పాటు చేయడం ఆ సంఘాలలో పెద్ద బాధ్యత. ఏడాది ముందుగా, ఒక్కొక్కప్పుడు రెండేండ్ల ముందుగా ఒప్పందం చేసుకుంటారు. ఉపన్యాసానికి ఇంత, ప్రయాణానికి ఇంత అని వ్రాతపూర్వకంగా నిర్ణయమవుతుంది. చాలాసార్లు అతిథి ఒక సభ్యురాలి యింటనే బస చేసి, మర్నాడు ఇరవైమందికి కుట్టుపాఠం చెప్పి వెళ్ళుతుంది. సభ్యత్వపు చందాలోనూ, ఏటేటా ఒక బొంతకు లాటరీ చీట్లు అమ్మి కూడబెట్టిన సొమ్ములోనూ పెద్దభాగం వక్తలకే పోతుందని మా పొరుగింటామె చెప్పింది. "దారం మేము కొనుక్కోగలం. తెలియని సంగతులు కొనుక్కోలేము గదా" అని ఆమె అన్నమాట నాకు గుర్తుండిపోయింది.

ఇటువంటి సంఘాలు ఎప్పుడు పుట్టాయో కొంచెం చెప్పుకోవాలి. గిల్డు అన్న మాట పాతది. మధ్యయుగాల ఐరోపాలో వృత్తిపనివారి సంఘాలకు అది పేరు. బొంతల గిల్డులు మాత్రం నిన్న మొన్నటివి. పూర్వం అమెరికా పల్లెలలో బొంత కుట్టడానికి ఇరుగుపొరుగు స్త్రీలు ఒక యింట చేరేవారు. కొయ్యచట్రానికి బొంతను బిగించి, చుట్టూ కూర్చొని, మాట్లాడుకుంటూ ఒక్క రోజులో కుట్టు ముగించేవారు. ఆ కూటాలలో వక్త అంటూ ప్రత్యేకంగా ఉండేది కాదు. అందరూ వక్తలే, అందరూ శ్రోతలే. ఇరవయ్యవ శతాబ్దంలో మిల్లు దుప్పట్లు చవుకగా దొరకడంతో ఆ ఆచారం చాలాచోట్ల సన్నగిలింది. 1971లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియం వారు పాతబొంతలను మంచాలమీద గాక గోడలమీద, చిత్రపటాలవలె వ్రేలాడదీసి ప్రదర్శించారు. జొనాథన్ హోల్‌స్టైన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ అనే ఇద్దరు సేకరించిన బొంతలవి. 1976లో ఆ దేశ స్వాతంత్ర్యానికి రెండువందల ఏండ్లు నిండినప్పుడు పాతపనులమీద ప్రజలకు ఆసక్తి మరల కలిగింది. ఆ ఊపులో ఊరూరా గిల్డులు లేచాయి. బ్రిటనులో క్విల్టర్స్ గిల్డ్ ఏర్పడినది 1979లో.

అప్పటికి ఒక తరం గడచిపోయింది. తల్లి దగ్గర నేర్చుకోవలసిన కుట్టు నేర్పడానికి చాలామందికి తల్లి లేదు. ఉన్నా ఆమెకే రాదు. కాబట్టి అతిథులను పిలిపించారు. గిల్డులలో ఉపన్యాసం ఒక వేడుకగా పుట్టలేదు. తెగిన దారాన్ని ముడివేయడానికి పుట్టింది.

ఆనాటి అతిథి ఒక విశ్రాంత గ్రంథాలయోద్యోగిని, నీగ్రో సంతతి అని ఒకప్పుడు పిలువబడిన ఆఫ్రికన్ అమెరికన్ వనిత. డెబ్బది ఏండ్లుంటాయి. రెండు పెద్ద పెట్టెల నిండా బొంతలు తెచ్చింది. ఆమె ఒక్కొక్క బొంతను గురించి చెప్పుతూ ఉంటే, తెల్లని చేతితొడుగులు వేసుకున్న ఇద్దరు సభ్యురాండ్రు దానిని రెండు మూలలా పట్టుకొని ఎత్తి చూపేవారు. తరువాత వెనుకకు త్రిప్పి అడుగు గుడ్డ చూపేవారు. ఆ హాలులో పై ముఖం చూసినప్పటి కంటె వెనుక చూసినప్పుడే ఎక్కువ "ఆహా"లు వినబడ్డాయి. కుట్టు తెలిసినవారికి పనితనం వెనుకనే తెలుస్తుంది కాబోలు.

నన్ను ఆశ్చర్యపరచినది వేరొకటి. శ్రోతలలో సగంమంది చేతులలో సూది ఆడుతూనే ఉన్నది. మన సభలలో అలా చేస్తే వక్తను అవమానించినట్లు. అక్కడ అది శ్రద్ధకు గుర్తు. రేడియోలో పనిచేసేదాన్ని గనుక నాకది వెంటనే అర్థమైంది. బియ్యం ఏరుతూ, పూలు గ్రుచ్చుతూ మా ప్రసంగాలు వినే గృహిణులు మాకు పరిచితులే. చేతులకు పని ఉన్నప్పుడు చెవి మరింత మెలకువగా ఉంటుంది.

మొదట ఆమె తెరమీద కొన్ని ఛాయాచిత్రాలు చూపింది. ఇంగ్లండు ఉత్తరభాగాన లెవెన్స్ హాల్ అనే పాతభవనంలో ఉన్న అతుకుల బొంత వాటిలో ఒకటి. 1708 ప్రాంతానిదని చెప్పుతారు. దానిలోని ముక్కలు భారతదేశపు అద్దకపు బట్టలు. "ఈ బట్టలు అద్దిన తీరాన్ని కోరమాండల్ అంటారు. అక్కడ మసూలిపటం అనే రేవుండేది" అని ఆమె అన్నది. మా అక్కయ్య నా చేయి గట్టిగా పట్టుకున్నది. మా అమ్మమ్మ ఊరు దివిసీమలోనిది. మచిలీపట్నం మా చిన్ననాటి సెలవుల పట్నం.

ఆ కథ మనం తెలుసుకోదగినది. ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టినది 1611లో. కరక్కాయ, పటిక, చిరివేరు, నీలిమందు వీటితో మనవారు నూలుబట్టకు ఎక్కించిన రంగు ఉతికినా పోయేది కాదు. ఐరోపా అద్దకపువారికి అప్పట్లో ఆ రహస్యం పట్టుబడలేదు. ఈ బట్టకు అక్కడ గిరాకీ పెరిగి, స్వదేశపు ఉన్ని, పట్టు నేతగాండ్రు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లోనే నిషేధించింది. ఇంగ్లండులో 1700లో ఒక శాసనం, 1721లో మరింత కఠినమైన శాసనం వచ్చాయి. ఆ రెండవది 1774లో గాని తొలగలేదు. దొరకని వస్తువుకు విలువ హెచ్చుతుంది. పాతబడిన అద్దకపు పరదాలో నుంచి పువ్వునూ, పిట్టనూ కత్తిరించి, తెల్లని గుడ్డమీద పెట్టి కుట్టుకొనే పద్ధతి అక్కడి స్త్రీలలో బలపడింది. అట్లాంటిక్ దాటి అమెరికా సంపన్నగృహాలలోనూ అది ప్రచారమైంది. మన కళంకారీ పువ్వు వారి బొంతలలో ఈనాటికీ వాడలేదు. దానిని అద్దినవాని పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఉపన్యాసం ముగిసినది. ప్రశ్నలకు సమయం ఇచ్చారు. అప్పుడు వెనుక వరుస నుంచి ఒక వృద్ధురాలు లేచింది. ఆమె అడిగినది అర్థం కావడానికి మీకొక సంగతి చెప్పాలి.

అమెరికాలో బానిసత్వం చట్టరీత్యా రద్దయినది 1865లో. అంతకుముందు దక్షిణ రాష్ట్రాల నుంచి పారిపోయే బానిసలకు రహస్యంగా ఆశ్రయమిచ్చి ఉత్తరానికి చేర్చిన మనుష్యుల గొలుసునే భూగర్భ రైలుమార్గం అనేవారు. అక్కడ నిజంగా రైలూ లేదు, సొరంగమూ లేదు. ఒహాయో నది దాటితే స్వేచ్ఛాభూమి గనుక, ఆ రాష్ట్రానికి ఈ చరిత్రలో పెద్ద పాత్ర ఉన్నది. 1999లో ఒక గ్రంథం వెలువడింది. జాక్వెలిన్ టోబిన్, రేమండ్ డోబార్డ్ దాని రచయితలు. బానిసలకు దారి చూపడానికి కంచెలమీద బొంతలు ఆరవేసేవారనీ, బొంతమీది ఒక్కొక్క నమూనా ఒక్కొక్క సంకేతమనీ ఆ గ్రంథం చెప్పింది. బండిచక్రం కనబడితే సామాను సర్దుకోవాలి. ఎలుగు అడుగు కనబడితే కొండదారి పట్టాలి. కథ ఎంత అందమైనదో చూడండి. నోరులేనివారి చేతిపని ప్రాణాలు కాపాడిందని వినడానికి ఎవరికి ఇష్టముండదు? ఆ కథ గిల్డు సభలకెక్కింది, పిల్లల పాఠాలకెక్కింది.

లేచిన వృద్ధురాలు, "పదేండ్ల క్రితం ఇదే హాలులో ఈ కథను నేనే ఉపన్యాసంగా చెప్పాను. ఆ నమూనాలన్నిటితో బొంత కూడా కుట్టాను. నా మనుమరాలు దానిని బడికి పట్టుకుపోయింది. ఇప్పుడు అది నిజం కాదంటున్నారు. మీరేమంటారు?" అని అడిగింది. హాలులో సూదులు ఆగాయి.

అతిథి వెంటనే సమాధానం చెప్పలేదు. మంచినీళ్ళు త్రాగి, నెమ్మదిగా చెప్పింది. ఆ గ్రంథానికి మూలం ఒకే కుటుంబంలో చెప్పుకున్న మాట. ఆ కుటుంబం ఆ మాట చెప్పుకోలేదని ఎవరూ అనలేరు. కాని ఫిలడెల్ఫియాలో పారిపోయి వచ్చినవారి వివరాలను స్వయంగా వ్రాసిపెట్టి, 1872లో గ్రంథంగా ప్రకటించిన విలియం స్టిల్ ఈ బొంతల సంకేతాన్ని చెప్పలేదు. 1936 మొదలు 1938 వరకు ప్రభుత్వం వారు ఒకప్పటి బానిసలను రెండువేల మూడువందల మందికి పైగా కలిసి, వారి జ్ఞాపకాలను వ్రాయించారు. వాటిలోనూ ఇది లేదు. ఆ పని చేసిన బొంత అని చూపడానికి ఒక్కటైనా మిగలలేదు. బార్బరా బ్రాక్‌మన్ వంటి బొంతల చరిత్రకారులు ఈ కారణాలు చూపి ఆ కథను చరిత్రగా అంగీకరించలేదు.

"అయితే మావాళ్ళ బొంతలలో గొప్పతనమేమీ లేదా?" ఈ ప్రశ్న వేసినది ముందు వరుసలో కూర్చున్న ఒక ఆఫ్రికన్ అమెరికన్ యువతి. ఆమె కంఠంలో కొంత కోపమున్నది. వక్త నవ్వలేదు, నొచ్చుకోలేదు. "అమ్మాయీ, మన గొప్పతనం కోసం కల్పన అక్కరలేదు. నిజంగా చెప్పినవారు ఉన్నారు. వారిని ముందు వినాలి" అని, హారియట్ పవర్స్ కథ చెప్పింది.

హారియట్ పవర్స్ 1837లో జార్జియాలో బానిసగా పుట్టినది. విముక్తి తరువాత భర్తతో కొంత పొలం చేసుకొని బ్రతికింది. బైబిలు కథలను గుడ్డబొమ్మలుగా కత్తిరించి, పదకొండు గళ్ళుగా ఒక బొంత కుట్టి, 1886లో ఏథెన్సు పట్టణపు పత్తి సంతలో ప్రదర్శించింది. అది చూసిన జెన్నీ స్మిత్ అనే చిత్రకళోపాధ్యాయిని కొనబోతే, ఏ ధరకూ అమ్మనన్నది. కొన్నేండ్లకు ఇల్లు గడవని రోజులు వచ్చాయి. తానే వర్తమానం పంపింది. పది డాలర్లు అడిగింది. ఐదే దొరికాయి. భర్త అమ్మమంటే అమ్మింది. అమ్మే ముందు ఒక్కొక్క గడిలో ఏమి కుట్టినదో వివరించి చెప్పింది. జెన్నీ స్మిత్ ఆ మాటలు వ్రాసుకున్నది. తరువాత ఆమె ఎన్నోసార్లు ఆ యింటికి వెళ్ళి తన బొంతను చూసుకొని వచ్చేదట. ఆ బొంత ఈనాడు వాషింగ్టనులో స్మిత్‌సోనియన్ సంస్థ చరిత్ర మ్యూజియంలో ఉన్నది. పదిహేను గళ్ళ రెండవ బొంత బోస్టన్ మ్యూజియంలో ఉన్నది. దానిలో ఒక గడిలో, 1833లో ఆకాశం నుంచి నక్షత్రాలు రాలిన రాత్రిని కుట్టింది. అప్పటికి ఆమె పుట్టనే లేదు. పెద్దలు చెప్పగా విన్నదానిని గుడ్డమీద పెట్టింది.

"ఆమె చెప్పింది, ఒకరు విన్నారు, వ్రాసుకున్నారు. అంతే. అందుచేతనే ఆమె బొంతకు ఈనాడు నోరున్నది. వ్రాసుకోనందువల్ల నోరు పోయిన బొంతలు వేలకు వేలు. వాటి నోట మనకిష్టమైన మాట పెట్టడం ప్రేమే కావచ్చును. కాని కుట్టినామెను రెండవసారి మూగను చేయడం అవుతుంది" అని వక్త అన్నది.

వెనుక వరుస వృద్ధురాలు ఇంకా నిలుచునే ఉన్నది. "మరి నా బొంతను ఏమి చేయను?" అని అడిగింది. "వెనుక ఒక గుడ్డముక్క కుట్టి, ఎవరు కుట్టారో, ఏ సంవత్సరమో, ఏ పుస్తకం చదివి కుట్టారో వ్రాయండి. అప్పుడది అబద్ధం కాదు. మీ బొంత అవుతుంది" అన్నది వక్త. వృద్ధురాలు తల పంకించి కూర్చున్నది. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తరువాత చప్పట్లు.

అమెరికాలో ఈ వ్రాసిపెట్టే పని ఒక ఉద్యమంగా సాగింది. 1981లో కెంటకీ రాష్ట్రంలో మొదలుపెట్టి, ఒక్కొక్క రాష్ట్రంలోనూ బొంతల దినాలు ఏర్పాటు చేశారు. కుటుంబాలు తమ పాత బొంతలను తెచ్చి చూపిస్తే, కొలతలు తీసి, ఛాయాచిత్రం తీసి, తెలిసిన చరిత్ర నమోదు చేసేవారు. నెబ్రాస్కా రాష్ట్రంలో లింకన్ నగరపు విశ్వవిద్యాలయం వారు 1997లో సుమారు తొమ్మిదివందల ఏబది బొంతలు దానంగా స్వీకరించి, బొంతలకే ఒక మ్యూజియం నెలకొల్పారు.

కుట్టిన స్త్రీలే స్వయంగా సభలకెక్కిన ఉదాహరణ కూడా ఉన్నది. అలబామా రాష్ట్రంలో నది మూడువైపులా చుట్టిన గీస్ బెండ్ అనే పల్లె ఉన్నది. అక్కడివారు వోటుహక్కు నమోదుకు ఆవలి గట్టుకు పోతున్నారని 1962లో వారి పడవను ఆపివేశారు. అది మరల నడిచినది 2006లో. పాతప్యాంట్లూ, పిండిసంచులూ ముక్కలు చేసి ఆ స్త్రీలు బొంతలు కుట్టుకొనేవారు. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు ఒక సహకార సంఘంగా ఏర్పడి అమ్మకం మొదలుపెట్టారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో వారి బొంతలను ప్రదర్శించారు. పడవ తిరిగి వచ్చిన 2006లోనే వారి బొంతల బొమ్మలతో తపాలాబిళ్ళలు వెలువడ్డాయి. ఆ స్త్రీలు ప్రదర్శనలకు వెళ్ళి, తమ బొంతలను గురించి తామే చెప్పారు. ఎవరి ప్యాంటు గుడ్డ, ఎవరు పోయిన ఏడాది, ఎందుకు కుట్టవలసి వచ్చింది అన్నది వారి నోటనే లోకం విన్నది.

ఇక మా యింటి సంగతి. ఆ రాత్రి ఇల్లు చేరగానే అక్కయ్య అటక మీది పెట్టెలో నుంచి ఒక బొంత తీసింది. అది మా అమ్మమ్మ కుట్టినది. 1978లో అక్కయ్య పుట్టినప్పుడు ఆమె క్రింద పరచినది. అక్కయ్య బిడ్డలిద్దరూ దానిమీదనే పొర్లారు. మెత్తగా వెన్నవలె ఉంటుంది. అంచులలో ఏడెనిమిది రకాల గుడ్డలున్నాయి. "ఈ ముక్కలు ఎవరివే?" అని అక్కయ్య నన్నడిగింది. నాకు తెలియదు. అమ్మమ్మా లేదు, అమ్మా లేదు. ఇన్నేండ్లు దానిమీద పడుకున్నాము గాని, ఒక్కనాడూ అడగలేదు.

గుడివాడలో మా పెద్దమ్మ ఉన్నది. ఎనభై దాటిన మనిషి. మనకు అప్పుడు తెల్లవారి ఉంటుంది. ఫోను చేసి, బొంతను తెరముందు పరచి చూపించాము. పెద్దమ్మ కళ్ళద్దాలు తెప్పించుకున్నది. "ఆ నేరేడుపండు రంగుది మా అమ్మ నూలుచీరే. ఆ గళ్ళది మీ తాతగారి తువ్వాలు. ఆ ముతక తెల్లది ఉప్పెన తరువాత పంచిపెట్టిన చీరలలోది" అని ఒక్కొక్కటే చెప్పుతూ వచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మీలో పెద్దలు మరచిపోయి ఉండరు. వేలమంది పోయారు. మా పిన్నమ్మ ఒకామె, పద్నాలుగేండ్ల పిల్ల, ఆ నీటిలో పోయిందని మాకు తెలుసు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవారు కారు.

ఒక మూల ఆకుపచ్చని సన్నగుడ్డ ఉన్నది. దానిమీద వేలుపెట్టి అక్కయ్య, "ఇదెవరిది పెద్దమ్మా?" అన్నది. పెద్దమ్మ చాలాసేపు పలకలేదు. "అది చిట్టిచెల్లి ఓణీ అమ్మా. దసరాకు మా యింటికి వచ్చి మరచిపోయి వెళ్ళింది. అందుకని అదొక్కటీ మిగిలింది. పోయినవాళ్ళ గుడ్డ పురిటిబిడ్డ క్రింద వేయకూడదని అందరూ అన్నారు. మా అమ్మ వినలేదు. అది పట్టుకొని పడుకోవడానికి ఇంట్లో ఇంకొకళ్ళు పుట్టారు అన్నది" అని చెప్పింది.

అక్కయ్య ఆ మూలను రెండుచేతులతో పట్టుకొని కూర్చున్నది. నలుబది యేండ్లకు పైగా ఆ గుడ్డ ఆమె వెంట ఉన్నది.

మిగిలినది ఒక పసుపుపచ్చని ముక్క. "అది ఎవరిదో నాకు తెలియదమ్మా. మీ అమ్మదేమో అనుకుంటాను, కాని చెప్పలేను" అన్నది పెద్దమ్మ. అది అమ్మ పెండ్లి చీర అయితే ఎంత బాగుండును అని మా యిద్దరికీ తోచింది. కాని ఆ సాయంకాలం విన్న మాట ఇంకా చెవిలోనే ఉన్నది. మర్నాడు అక్కయ్య ఒక తెల్లగుడ్డ ముక్కమీద నల్లదారంతో తెలుగు అక్షరాలు కుట్టింది. అమ్మమ్మ పేరు, ఊరి పేరు, సంవత్సరం, ఒక్కొక్క ముక్క ఎవరిదో కుట్టింది. పిన్నమ్మ పేరు కుట్టింది. పసుపుపచ్చ ముక్కకు ఎదురుగా "తెలియదు" అని కుట్టింది. దానిని బొంత వెనుక అతికినాము.

శ్రోతలారా, మన యిండ్లలో గిల్డులు లేవు. అతిథులకు పారితోషికమిచ్చి పిలిపించవలసిన అగత్యమూ లేదు. చెప్పగలిగినవారు మన యింటనే, వసారాలో వాలుకుర్చీలో ఉన్నారు. వారి ఉపన్యాసానికి ఒక శ్రోత కావాలి, ఒక కాగితమూ కలమూ కావాలి. మీ పెట్టెలో అడుగున ఒక పాతబొంత ఉంటే, ఈ ప్రసంగం ముగియగానే బయటకు తీయండి. పెద్దవారి ఒడిలో పెట్టి, ఈ ముక్క ఎవరిదని అడగండి. తెలిసినది తెలిసినట్లు వ్రాయండి. తెలియనిచోట తెలియదని వ్రాయండి.